వెంబడించి ఆపిన బైకు: రోడ్డు మీది కోపం ఎప్పుడు జబ్బవుతుంది? ఒక కేస్ స్టడీ

ఇందులో కనిపించే మనిషి నిజానికి ఒక్కరు కాదు. ఇలాంటి ఫిర్యాదుతో వచ్చేవాళ్లలో తరచూ కనబడే వివరాలను ఒకే కేసుగా కూర్చాం. వయసు, ఉద్యోగం, దారి, స్కోర్లు అన్నీ ఆ కూర్పులోవే. నిర్ధారణ ప్రమాణాలు, చట్టం సెక్షన్లు, పరిశోధనల సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు.

ఎందుకు వచ్చారు

వయసు 38. టైల్స్ కంపెనీలో ఏరియా సేల్స్ మేనేజరు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఇంట్లో భార్య, ఏడేళ్ల కొడుకు, తల్లి. పటాన్‌చెరు నుంచి ఉప్పల్ దాకా డీలర్ల దగ్గరికి రోజుకు 70, 80 కిలోమీటర్లు సొంత కార్లో తిరుగుతారు. తనంతట తాను రాలేదు, వకీలు పంపితే వచ్చారు. చేతిలో ఎఫ్ఐఆర్ కాపీ. భారతీయ న్యాయ సంహిత 115(2), 126(2), 324 సెక్షన్లు: అంటే కొట్టడం, దారికి అడ్డం పెట్టి ఆపడం, ఆస్తి ధ్వంసం. కూర్చోగానే అడిగింది ఒకటే. "నాకు రోడ్ రేజ్ డిజార్డర్ ఉందని నెట్‌లో చూసుకున్నా సార్. ఒక సర్టిఫికెట్ రాసిస్తే చాలు."

జరిగింది ఇదీ. ఉదయం 10 గంటలకు అమీర్‌పేటలో మీటింగు. ఇంట్లోంచి బయల్దేరింది 9.25కి. మ్యాప్ 42 నిమిషాలు చూపించింది, చేతిలో ఉన్నవి 35. టిఫిన్ తినలేదు. కూకట్‌పల్లి దాటేసరికి మేనేజరు నుంచి రెండు మిస్డ్ కాల్స్. మూసాపేట దగ్గర ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతుండగా ఎడమ పక్క సందులోంచి ఒక బైకు దూరి కట్ కొట్టింది. సైడ్ మిర్రర్ మడతపడి గాజు పగిలింది. బైకతను వెనక్కి చూసి చెయ్యి ఎత్తి ముందుకు పోయాడు.

ఈయన హారన్ మీద చెయ్యి తియ్యకుండా కిలోమీటరున్నర వెంబడించి, ఎర్రగడ్డ దగ్గర కారు అడ్డం పెట్టి ఆపారు. దిగి బండి తాళం లాక్కున్నారు, చెంప మీద కొట్టారు, అతని హెల్మెట్టే లాగి బైకు హెడ్‌లైట్ పగలగొట్టారు. కారు దిగిన దగ్గర్నుంచి ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చేదాకా మూడు నిమిషాలు దాటలేదు.

చెయ్యి ఎందుకెత్తాడో స్టేషన్లో తేలింది. బైకతను చెప్పింది "సారీ అన్నా అని ఎత్తినా" అని. ఈయనకు కనబడింది "పోపోవోయ్, ఏం చేసుకుంటావో చేసుకో" అని. ఈ కేసులో పని అంతా ఈ రెండు వాక్యాల మధ్యనే జరిగింది.

మొదటి ఇంటర్వ్యూలో అడగాల్సినవి

ఇలాంటివాళ్లను "మీకు కోపం ఎక్కువా?" అని అడిగితే "లేదు సార్, ఎదుటోడికి డ్రైవింగ్ రాదు" అంటారు. అందులో సగం నిజమే కాబట్టి వాదన పెట్టుకోకూడదు. ఒక్క సంఘటనను నిమిషం నిమిషంగా వెనక్కి తిప్పించాలి. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, తిన్నారా, ఎన్ని నిమిషాలు చేతిలో ఉంచుకుని బయల్దేరారు, మొదటి చిరాకు ఎక్కడ, ఒంట్లో ముందు ఏమైంది, మనసులోకి వచ్చిన మొదటి వాక్యం ఏమిటి. ఈయనకు ముందు బిగుసుకునేది దవడ, తర్వాత స్టీరింగ్ మీద వేళ్లు. వాక్యం: "నన్ను చూసి నవ్విండు."

తర్వాతి ప్రశ్న కారు గురించి. డిక్కీలో, సీటు కింద ఏముంది? క్రికెట్ బ్యాటు ఉంది. కొడుకుతో ఆడటానికట. సీటు పక్కన ఎందుకుందంటే జవాబు లేదు. బ్యాటు, రాడ్డు, పెప్పర్ స్ప్రే, లైసెన్సు తుపాకీ, ఏది ఉన్నా ఆ రోజే బయటికి తీయించాలి. థెరపీ అంతా దాని తర్వాతే.

భార్యను వేరే గదిలో విడిగా అడగడం తప్పనిసరి. జంటగా కూర్చోబెడితే "కొంచెం కోపం, అంతే" దగ్గర ఆగుతుంది. విడిగా అడగాల్సినవి నాలుగే: మిమ్మల్ని గానీ పిల్లాణ్ని గానీ ఎప్పుడైనా కొట్టారా, సామాను పగిలిందా, ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చోడానికి భయమేస్తుందా, ఇంటికి వెళ్లాక ఈ మాటలు చెప్పినందుకు మీకు ఇబ్బంది ఉంటుందా. కొట్టలేదని ఆమె స్పష్టంగా చెప్పారు. అయితే గడిచిన ఏడాదిలో ఒక ఫోను గోడకేసి కొట్టి పగలగొట్టారు. అపార్ట్‌మెంట్ పార్కింగులో తన స్థలంలో పెట్టారని పక్క ఫ్లాటువాళ్ల స్కూటీ అద్దం విరగ్గొట్టి, మర్నాడు వెళ్లి డబ్బు కట్టి వచ్చారు. "హారన్ గట్టిగ మోగితే బాబు చెవులు మూసుకుంటడు సార్, ఇంట్ల టీవీల మోగినా" అన్నారు. డిగ్రీ రోజుల్లో హాస్టల్లో ఒక గొడవలో చెయ్యి చేసుకుని సస్పెండైన సంగతి తల్లి ద్వారా తెలిసింది.

ఇంటర్వ్యూలో ఆయన రెండుసార్లు అన్నమాట "రోడ్డు మీదే సార్, ఇంట్లో నేను శాంతం" అని. నిర్ధారణ తిరిగింది ఇక్కడే.

రోడ్ రేజ్ అనే జబ్బు ఉందా?

లేదు. ఆ పేరుతో ఏ వర్గీకరణలోనూ జబ్బు లేదు. 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్ హైవేల మీద వరసగా కాల్పులు జరిగినప్పుడు అక్కడి వార్తల్లోంచి వ్యాపించిన పేరు అది. 1990ల్లో ఆర్నాల్డ్ నెరెన్‌బర్గ్ అనే కాలిఫోర్నియా సైకాలజిస్టు దాన్ని అధికారికంగా మానసిక రుగ్మతల జాబితాలో చేర్చాలని గట్టిగా ప్రచారం చేశారు. చేర్చలేదు. చేర్చకపోవడమే మంచిదైంది. జరిగిన చోటును బట్టి జబ్బుకు పేరు పెడితే రేపు క్యూలో కోపానికొకటి, క్రికెట్ మ్యాచ్ కోపానికొకటి పెట్టాల్సొస్తుంది.

జాబితాలో ఉన్నది ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్, అంటే ఉండుండి కోపం పేలిపోయే రుగ్మత. మాలో మేం ఐఈడీ అనుకుంటాం, ఫైలు మీద అలా రాస్తే చదివినవాడు బాంబు అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి పూర్తి పేరే రాస్తాం. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం. 1980లో దాని మూడో ముద్రణలో ఈ పేరు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో 6సీ73 కోడ్ కింద, ఇంపల్స్ కంట్రోల్ (ఆవేశాన్ని ఆపుకోలేని) రుగ్మతల్లో ఉంది. 2013 నాటి డీఎస్ఎం-5 రెండు దారుల్లో ఏదో ఒకటి చాలంటుంది. మొదటిది: మాటల దాడి, లేదా దెబ్బ తగలని, వస్తువు పాడవని శారీరక దాడి, సగటున వారానికి రెండుసార్లు, మూడు నెలల పాటు. రెండోది: ఏడాదిలో మూడుసార్లు ఆస్తి ధ్వంసం గానీ, మనిషికో జంతువుకో గాయం చేయడం గానీ. పైగా ఆ కోపం జరిగినదానికి ఏమాత్రం పొంతన లేనిదై ఉండాలి. పథకం ప్రకారం, ఏదో సాధించుకోవడానికి చేసినదై ఉండకూడదు. ఆ మనిషికి బాధనో, ఉద్యోగంలో సంబంధాల్లో నష్టాన్నో, డబ్బు నష్టాన్నో, కోర్టు చిక్కునో తెచ్చి ఉండాలి. వయసు కనీసం ఆరేళ్లు. వేరే మానసిక రుగ్మత, వేరే జబ్బు, మత్తుపదార్థం దాన్ని ఇంతకంటే బాగా వివరించకూడదు.

కాగితం మీద తేలికే. హైదరాబాదులో మొదటి దారిని యథాతథంగా వాడితే మాత్రం చిక్కు. వారానికి రెండుసార్లు అద్దం దించి అరవడం లెక్క పెడితే పదింటికి కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లలో చాలామంది అందులోకి వస్తారు. అందుకే లెక్కపెట్టేటప్పుడు కొన్ని తీసేస్తాం. హారన్ లెక్కలోకి రాదు, ఇక్కడ హారన్ చాలావరకు "నేనున్నా" అని చెప్పేది. డిప్పర్ కొట్టడం రాదు. కారు లోపల, అద్దం మూసి, ఎవరికీ వినపడకుండా తిట్టుకోవడం కూడా రాదు. ఎదుటి మనిషిని ఉద్దేశించి, అతనికి వినిపించేలా, కనిపించేలా చేసిందే లెక్క. పొంతన విషయంలోనూ అంతే. "ఇదే పని మీ అన్నయ్యో మీ ఆఫీసులో పక్కవాళ్లో చేస్తే మీరేమంటారు?" అని ఆయన్నీ, భార్యనీ విడివిడిగా అడుగుతాం. రెండు జవాబులూ ఒకటే అయితే నమ్మవచ్చు.

ఈ కేసులో మొదటి దారి అవసరమే పడలేదు. ఏడాదిలో మూడు ధ్వంసాలు: హెడ్‌లైటు, ఫోను, స్కూటీ అద్దం. అందులో రోడ్డు మీద జరిగింది ఒకటే.

ఒక అభ్యంతరం టీమ్‌లోనే వచ్చింది. కిలోమీటరున్నర వెంబడించి కారు అడ్డం పెట్టడం అప్పటికప్పుడు పుట్టిన ఆవేశం ఎలా అవుతుంది, అది ఆలోచించి చేసినదే కదా అని. సరైన ప్రశ్నే. చూడాల్సింది రెండు. ఒకటి, కోపం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఎంతసేపు: ఈ రుగ్మతలో పేలుళ్లు సాధారణంగా అరగంట లోపే ముగుస్తాయి, ఇక్కడ మొత్తం పది నిమిషాలు. రెండు, దానివల్ల ఏమైనా ఆశించాడా: అద్దం డబ్బులు వసూలు చేయాలన్న ఆలోచన కూడా రాలేదు, బండి నంబరు చూసుకోలేదు. నంబరు రాసుకుని, ఇద్దరు మనుషుల్ని పిలిపించుకుని, సాయంత్రం ఇంటికి వెళ్లి కొట్టి ఉంటే ఈ నిర్ధారణ నిలిచేది కాదు.

రోడ్డు మీద దూకుడుగా నడిపేవాళ్లంతా ఈ రుగ్మత ఉన్నవాళ్లు కారు. అమెరికాలో ఆల్బనీలో తారా గలోవ్‌స్కీ, ఎడ్వర్డ్ బ్లాంచర్డ్ బృందం చికిత్సకు వచ్చిన దూకుడు డ్రైవర్లను పరీక్షిస్తే సుమారు మూడింట ఒక వంతు మందికే ఐఈడీ సరిపోయింది. వాళ్లలో కోర్టు పంపినవాళ్లూ ఉన్నారు. మిగిలినవాళ్లకు కావలసింది జబ్బు పేరు కాదు, నేర్చుకోదగ్గ కొన్ని పద్ధతులు.

ఒంటి సంగతి చూడకుండా మనసు పేరు రాయకూడదు

బీపీ 148/94. మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు. భార్య చెప్పింది: గురక గట్టిగా ఉంటుంది, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది. స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో ఎనిమిదికి ఐదు. ఐదు గానీ అంతకు మించి గానీ వస్తే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉండే అవకాశం బాగా ఎక్కువ. స్లీప్ స్టడీలో గంటకు 24 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో నమోదైంది, అంటే మధ్యస్థ తీవ్రత. పల్మనాలజిస్టు సీప్యాప్ మెషిన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపేది) మొదలుపెట్టారు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, షుగర్ సాధారణం. మద్యం అలవాటును కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో స్కోరు 6, తక్కువే, సంఘటనలప్పుడు ఏదీ తాగిన స్థితిలో జరగలేదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ లేని రుగ్మత), బైపోలార్ (ఉన్మాదం, దిగులు దశలుగా వచ్చే రుగ్మత) లక్షణాలు విడిగా అడిగాం, లేవు. ఉన్మాదపు దశ ఎప్పుడైనా వచ్చిందేమో వెతకడం ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకో మందుల దగ్గర తెలుస్తుంది. మూర్ఛ మందు లెవెటిరాసెటమ్ వల్ల చిరాకు పెరుగుతుంది కాబట్టి వాడే మందులన్నీ చూడాలి. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీయించలేదు. జరిగినదంతా వరసగా గుర్తుంది, స్పృహ తప్పలేదు, తలకు పెద్ద దెబ్బ తగిలిన చరిత్ర లేదు. వీటిలో ఏదైనా ఉంటే తీయించాలి, లేకపోతే ఆ ఖర్చు దండగ.

మరి ఈ కోపమంతా నిద్ర చాలకేనా? బరువు పెరిగి గురక మొదలైంది నాలుగేళ్ల కింద. హాస్టల్ గొడవ ఇరవై ఏళ్లనాటిది. కాబట్టి నిద్ర సమస్య పేలుడు మొదలయ్యే గీతను కిందికి దించింది, జబ్బును పుట్టించలేదు. రెండూ రాశాం.

ఎందుకు జరిగింది: ఒక్కో పొర

నిరాశ కోపానికి దారి తీస్తుందని 1939లో జాన్ డొలార్డ్ బృందం చెప్పింది. 1989లో లెనార్డ్ బెర్కోవిట్జ్ దాన్ని సవరించి, నిరాశ వల్ల పుట్టే అసౌకర్యమే అసలు సంగతి, వేడి, నొప్పి, ఆకలి కూడా అదే పని చేస్తాయన్నాడు. 1986లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో డగ్లస్ కెన్రిక్, స్టీవెన్ మెక్‌ఫార్లేన్ పచ్చ లైటు పడ్డా కదలని కారు వెనుక హారన్లు లెక్కించారు. ఎండ పెరిగేకొద్దీ హారన్లు పెరిగాయి, అద్దాలు దించి ఉన్న కార్లలో, అంటే ఏసీ లేనివాటిలో, మరీ ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మూసాపేటలో నిలబడ్డవాళ్లకు దీనికి ప్రయోగం అక్కర్లేదు.

ఎదుటివాడెవడన్నది కూడా ముఖ్యమే. 1968లో ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ ఇదే ఏర్పాటుతో చూస్తే ఖరీదైన కారు అడ్డం ఉన్నప్పటికంటే పాత, చవక కారు అడ్డం ఉన్నప్పుడు ఎక్కువమంది, త్వరగా హారన్ కొట్టారు. చికిత్సలో ఒక్కో సంఘటనకు ఈయన రాసిన కార్డుల్లోనూ అదే తేలింది. తిట్లన్నీ బైకులకు, ఆటోలకు. ఆర్టీసీ బస్సుకు తక్కువ, పెద్ద ఎస్‌యూవీకి దాదాపు లేదు. "కంట్రోల్ తప్పిపోతా సార్" అనే మనిషికి ఈ పట్టిక చూపించడం మంచి మందు. కంట్రోల్ పూర్తిగా తప్పితే బండి సైజు చూసుకోడు కదా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యలో ఉన్న పొర అసలైనది. మనం కట్ కొడితే "అర్జెంటు", ఎదుటివాడు కొడితే "పొగరు". ఎదుటివాడి పనికి పరిస్థితిని కాక స్వభావాన్ని కారణంగా చూసే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ పేరు పెట్టాడు. రోడ్డు మీద ఇది ముదరడానికి కారణం మాట పోకపోవడం. బస్టాండులో భుజం తగిలితే "సారీ అండి" వినబడుతుంది. కార్లో ఉన్నవాడికి ఎత్తిన చెయ్యి ఒక్కటే కనబడుతుంది, అర్థం తనే నింపుకోవాలి. ఏ అర్థం నింపుతాడన్నది నిద్ర, ఆకలి, ఆలస్యం నిర్ణయిస్తాయి. ఆ పైన ఆయనకొక సొంత సూత్రం ఉంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నది: "ఇవ్వాళ ఊరుకుంటే రేపు నెత్తికెక్కుతరు." దాన్ని బట్టి వెంబడించడం ఆయన దృష్టిలో తప్పు కాదు, బాధ్యత.

చికిత్స

రెండు పట్టాల మీద నడిచింది. సైకియాట్రిస్టు మందులు, వారానికొకటి చొప్పున 50 నిమిషాల 12 సెషన్లు. 2008లో మైకేల్ మెక్‌క్లోస్కీ బృందం ఐఈడీ మీద చేసిన ప్రయోగంలో వాడింది ఆలోచననూ ప్రవర్తననూ మార్చే 12 వారాల కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీయే. రోడ్డు కోపానికి ప్రత్యేకంగా జెర్రీ డెఫన్‌బాకర్ రూపొందించిన పద్ధతిలో సడలింపు, ఆలోచన మార్పు కలిసి ఉంటాయి. మేం రెండింటినీ కలిపి వాడాం.

మొదటి రెండు సెషన్లు కార్డు కోసమే. ఒక్కో సంఘటనకు ఒక కార్డు: టైము, చోటు, బయల్దేరినప్పుడు చేతిలో ఎన్ని నిమిషాల మిగులు, రాత్రి నిద్ర గంటలు, చివరిగా తిన్నదెప్పుడు, ఏం జరిగింది, వచ్చిన వాక్యం, కోపం 0 నుంచి 100లో ఎంత, ఏం చేశారు, కోపం దిగడానికి ఎన్ని నిమిషాలు. బండి ఆపి, ఇంజిన్ ఆఫ్ చేశాకే రాయాలి. రాయబుద్ధి కాకపోతే వాయిస్ నోట్. సాయంత్రం అన్నీ కలిపి రాస్తే పనికిరావు, అప్పటికి కోపమూ వాక్యమూ రెండూ మెత్తబడతాయి. మొదటి రెండు వారాల్లో 50 దాటిన కార్డులు 23. అందులో 17 మిగులు పది నిమిషాల లోపు ఉన్నప్పటివి. దాంతో మూడో వారం నుంచి ఒక నియమం పెట్టాం: మ్యాప్ చూపించిన టైముకు 20 నిమిషాలు కలిపి బయల్దేరడం. దీన్ని చికిత్స అని ఎవరూ అనుకోరు గానీ కార్డుల సంఖ్య అన్నిటికంటే ముందు తగ్గించింది ఇదే.

అప్పుడే నాలుగు కట్టుబాట్లు. డోర్లు లాక్, అద్దాలు పైకి. ఏ కారణంతోనూ గొడవ కోసం దిగడం లేదు. బండి తగిలితే ఎడమ పక్కన ఆపి ఫొటో తీసి 100కో 112కో ఫోను. ఎవరి వెనకా పోవడం లేదు, పోవాలనిపిస్తే వచ్చే మొదటి ఎడమ మలుపు తిరగడమే, దారి తప్పినా సరే. నాలుగోది డాష్‌క్యామ్ మీద. ఈయన రాత్రి భోజనమయ్యాక ఆ రోజు ఫుటేజీ పెట్టుకుని "చూడు వీణ్ని, చూడు" అని భార్యకు చూపించేవారు. కోపాన్ని తిరగేసి నమలడం అది. కక్కేస్తే తగ్గుతుందన్న నమ్మకం తప్పని 2002లో బ్రాడ్ బుష్‌మన్ పంచింగ్ బ్యాగ్ ప్రయోగం చూపించింది: కోపం తెప్పించినవాణ్ని తలచుకుంటూ బ్యాగును గుద్దినవాళ్లకే చివరికి కోపం ఎక్కువగా మిగిలింది. డాష్‌క్యామ్ ఉంచుకోవచ్చు, ప్రమాదం జరిగితే తప్ప ఫుటేజీ తెరవకూడదు.

మూడు, నాలుగు సెషన్లు కండరాల సడలింపు. చెయ్యి, భుజం, దవడ, పొట్ట ఒక్కో భాగాన్ని ఏడు సెకన్లు బిగించి, ఇరవై ముప్పై సెకన్లు వదలడం. ఇంట్లో కుర్చీలో, రోజుకు రెండుసార్లు, పావుగంట. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. కోపమొచ్చినప్పుడు వాడదాంలే అని వదిలేస్తారు. ఈత నేర్చుకోవడం నీళ్లలో పడ్డాక మొదలుపెట్టినట్టు ఉంటుంది. రెండు వారాలు కుర్చీలో చేస్తేనే కార్లో పనిచేస్తుంది. కార్లో చేయాల్సింది చాలా చిన్నది: కళ్లు తెరిచే, పళ్ల మధ్య సందు ఇచ్చి, స్టీరింగ్ మీద వేళ్లు ఒకసారి సడలించి, ఊపిరి నాలుగు లెక్కల్లో తీసి ఆరు లెక్కల్లో వదలడం, మూడుసార్లు. నడిపేటప్పుడు కళ్లు మూయించే ఏ ఆడియోనూ ఇవ్వకూడదు.

ఐదు నుంచి తొమ్మిది దాకా ఊహలో సాధన. ఎనిమిది దృశ్యాలు, ఆయన కార్డుల్లోంచే తీసినవి. అడుగున 25 మార్కులది: లైటు పచ్చబడ్డా ముందు ఆటో కదలకపోవడం. పైన 95: బైకతను చెయ్యెత్తి పోవడం. కళ్లు మూసుకుని దృశ్యాన్ని శబ్దంతో సహా తెచ్చుకోవాలి. కోపం అరవైకి వచ్చాక అర నిమిషం అందులో ఉండి, తర్వాత సడలించి దించాలి. ఒక్కో దృశ్యం నాలుగైదుసార్లు. దృశ్యంలో కోపమే రాకపోతే సాధన జరగనట్టే, మళ్లీ వివరాలు పెంచాలి. ఎనిమిదో దృశ్యంలో రెండు అర్థాలనూ మార్చి మార్చి పెట్టాం. చెయ్యి సారీకి ఎత్తాడనుకుని ఒకసారి, నిజంగానే పొగరుకు ఎత్తాడనుకుని ఒకసారి. రెండోదే అసలు పరీక్ష. ఎందుకంటే కొందరు పొగరుగానే ఎత్తుతారు.

ఆలోచన మార్పులో థెరపిస్టులు తరచూ చేసే తప్పు ఎదుటివాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడం. "పాపం ఆస్పత్రికి పోతున్నాడేమో అనుకోండి" అంటే ఒకటి రెండుసార్లు పనిచేస్తుంది, మూడోసారి ఆయన నవ్వేస్తారు. రాంగ్ రూట్‌లో వచ్చినవాడిది తప్పే. ఒప్పుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. తప్పును చూడటం వేరు, శిక్ష వేసే పని నెత్తిన వేసుకోవడం వేరు. వాక్యం మేం ఇచ్చింది కాదు, ఏడో సెషన్లో ఆయనే తయారుచేసుకున్నారు: "వాడి చలానా వాడికొస్తది, నా మీటింగ్ నాకుంది." సొంత యాసలో, ఒక్క ఊపిరిలో అనగలిగినదైతేనే రోడ్డు మీద గుర్తొస్తుంది.

మందు ఫ్లూక్సెటీన్ (దిగులుకు కూడా వాడేది), ఉదయం 20 మిల్లీగ్రాములతో మొదలై నాలుగు వారాలకు 40. ఎమిల్ కొకారో బృందం 2009లో ప్రచురించిన వంద మంది ప్రయోగంలో ఫ్లూక్సెటీన్ తీసుకున్నవాళ్లలో 46 శాతం మందికి పూర్తిగానో పాక్షికంగానో ఉపశమనం దొరికింది. సగానికి పైగా మందికి దొరకలేదన్నమాట, అందుకే మందు ఒక్కటే రాసి పంపించేయకూడదు. మొదటి వారం పది రోజులు లోపల గాభరాగా, నిద్ర తేలిగ్గా ఉండొచ్చు, ఆ రోజుల్లో డ్రైవింగు తగ్గించమని ముందే చెప్పాలి. బైపోలార్ ఉన్న మనిషికి ఇదే మందు ఒంటరిగా ఇస్తే ఉన్మాద దశను రేపవచ్చు. ముందు అంత వెతికింది అందుకే. ఆందోళనకు వాడే ఆల్ప్రజోలమ్ మాత్రం వద్దు. మందుల షాపులో పరిచయం మీద తెచ్చుకుని వేసుకునేవాళ్లు చాలామంది. అది మత్తిస్తుంది, కొందరిలో ఉన్న బ్రేకును కూడా తీసేస్తుంది.

ఎక్కడ తప్పింది

ఆరో వారంలో కార్డులు ఆగిపోయాయి. "ఏమీ జరగట్లేదు సార్, ఏం రాయాలి" అన్నారు. ఇలా మెరుగైనట్టు అనిపించి మధ్యలో మానేయడం ఈ కేసుల్లో మామూలు. ఆ వారమే వాన, మూసాపేటలో నీళ్లు నిలిచాయి. అద్దం దించి బస్సు డ్రైవర్ మీద కేకలు వేశారు. దిగలేదు. తర్వాత కూర్చుని లెక్క తీస్తే, రెండు రాత్రులు సీప్యాప్ మాస్కు పెట్టుకోలేదు, ముక్కు దగ్గర ఒరుసుకుని పుండు పడింది. మాస్కు సైజు మార్పించాం. కోపానికి చికిత్స చేస్తూ మాస్కు సైజు అడగడం వింతగా ఉంటుంది కానీ ఆ వారం అవసరమైంది అదే. ఏమీ జరగని రోజు కూడా నిద్ర గంటలు, మిగులు నిమిషాలు రాసిన సున్నా కార్డు ఒకటి ఉండాలన్న నియమం అప్పటినుంచి.

సర్టిఫికెట్

వకీలు అడిగింది సంఘటన సమయంలో మతి స్థిమితం లేదని రాయమని. న్యాయ సంహిత 22వ సెక్షన్ రక్షణ వర్తించాలంటే, మానసిక అస్వస్థత వల్ల తాను చేసేది ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితి ఉండాలి. ఈయనకు తెలుసు. కానిస్టేబుల్ కనబడగానే చెయ్యి ఆగింది, హెల్మెట్ కింద పెట్టారు. ఐఈడీ ఉండటం వేరు, తెలియకపోవడం వేరు. ఆయన రాతపూర్వక అనుమతితో ఇచ్చిన రిపోర్టులో ఉన్నవి ఇంతే: పరీక్షించిన తేదీలు, నిర్ధారణ, స్లీప్ అప్నియా, చికిత్స, హాజరు. బాధ్యత తగ్గుతుందన్న వాక్యం ఒక్కటీ లేదు. కోర్టు శిక్షను తేల్చేటప్పుడు చికిత్సను పరిగణిస్తుందా లేదా అన్నది కోర్టు ఇష్టం. రోడ్డు గొడవలు ఎంత దూరం పోతాయో నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు చూస్తే చాలు: 1988 డిసెంబరులో పటియాలాలో పార్కింగ్ దగ్గర మొదలైన తగవులో 65 ఏళ్ల వ్యక్తి మరణిస్తే, సుప్రీంకోర్టు ఏడాది జైలు విధించింది 2022 మేలో.

ఈ కేసు రాజీతో ముగిసింది. బైకు బాగు ఖర్చు, వైద్యం ఖర్చు కట్టించారు. క్షమాపణ చెప్పడాన్ని సెషన్లో రెండుసార్లు సాధన చేయించాం. మొదటిసారి "నీది కూడా తప్పే గానీ" అని మొదలుపెట్టారు కాబట్టి.

ఆరు నెలల దగ్గర

50 దాటిన కార్డులు నెలకు రెండు మూడు. అద్దం దించినవి లేవు, ఇంట్లో ఏదీ పగల్లేదు. ఈ మాట ఆయన నుంచి కాక భార్య నుంచి విడిగా తీసుకున్నది. సీప్యాప్ సగటున రాత్రికి ఐదున్నర గంటలు. బీపీ 132/84. మిగిలిన సమస్య కొడుకు: కారెక్కగానే నాన్న ముఖం చూస్తూ కూర్చుంటున్నాడు. పిల్లల సైకాలజిస్టు దగ్గరికి పంపాం. అర్ధరాత్రి అవసరం పడితే భార్య దగ్గర టెలీ మానస్ 14416 నంబరు ఉంది.

ఫ్లూక్సెటీన్ ఎప్పుడు తగ్గించాలని ఆయన అడుగుతున్నారు. ఇంకో ఆరు నెలల తర్వాత చూద్దామన్నారు సైకియాట్రిస్టు. మేం చేర్చిన షరతు ఒకటే: తగ్గించడం మే నెలలో పెట్టుకోవద్దు. స్కూళ్లకు సెలవులు, రోడ్లు ఖాళీ, మందు లేకపోయినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. స్కూళ్లు తెరిచిన జూన్ రెండో పక్షం తర్వాత, వానలూ స్కూలు బస్సులూ కలిసి వచ్చే వారాల్లో, 20 నిమిషాల మిగులు నియమం అలాగే ఉంచి మొదలుపెడితే, అప్పటి కార్డుల్ని ఇప్పటివాటి పక్కన పెట్టి పోల్చడానికి వీలవుతుంది.